దస్తీ స్వామిదాసు సముద్రం మీద సీటాపిన వైనం

ఎల్లారెడ్డి ఊళ్లో ఉండే స్వామిదాసుకు ఉన్నది ఒక్కటే పిచ్చి. ఎక్కడ ఖాళీ కనబడినా దస్తీ రుమాలు వేసి సీటు ఆపుతాడు. కామారెడ్డి బస్టాండులోకి బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే ఆయన ఎర్రగళ్ల దస్తీ కిటికీలోంచి లోపల పడుతుంది. పెళ్లి విందులో ఆకు పడకముందే దస్తీ పడుతుంది. ఆఖరికి దవాఖానలో పళ్లు పీకే కుర్చీ మీద కూడా ఆయన దస్తీయే ముందు. ఊరంతా ఆయన్ని దస్తీ స్వామిదాసు అనే పిలుస్తుంది.

ఆ పేరు విన్నప్పుడల్లా భార్య గంగామణి తల పట్టుకునేది. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటుంది. ఆపిన సీట్లలో ఒకదాంట్లో ఆమెను కూర్చోబెట్టి, రెండోది ఏ ముసలమ్మకో చంటిపిల్ల తల్లికో ఇచ్చేసి, తాను రాడ్డుకు వేలాడుతూ లోకమంతటితో ముచ్చట్లు పెట్టేవాడు. ఎన్నో ఏళ్లుగా ఆయన ఆమె పక్కన కూర్చున్న పాపాన పోలేదు.

"నీతోని వస్తే సీటు దొరుకుతది గానీ మొగుడు దొరకడు," అనేది గంగామణి.

విశాఖలో నౌకరీ చేసే కూతురు బుజ్జి వాళ్లిద్దరికీ తెరచాప పడవలో రెండు రోజుల షికారు ఏర్పాటు చేసింది. పగలు తీరం వెంట ప్రయాణం, రాత్రి పడవలోనే పడక. కామారెడ్డిలో రైలెక్కకముందే గంగామణి నిలదీసింది.

"ఈసారన్న నా పక్కన కూసుంటవా? లేకుంటే గిట్లనే ఇంటికి పోత."

"కూసుంటనే తల్లీ!"

"దస్తీ ఇంట్ల పెట్టినవా?"

"దస్తీ లేకుంట మనిషి బయటికెట్ల పోతడే?"

రేవులో పడవ కనబడిందో లేదో, దస్తీ గాల్లోకి లేచింది. సముద్రపు గాలికి దారి తప్పి, పడవ నడిపే అబ్రాహాము మొహానికి అతుక్కుంది.

"ఎవరిదండీ ఇది?"

"నాదే! ముంగట ఎడమ దిక్కు రెండు సీట్లు మాయి!"

ఆ సీట్లు దొరికాయి. మొగుడు పక్కన కూర్చున్నాడు. గంగామణి మురిసిపోయింది. ఆ మురిపెం ఎంతసేపని! పడవ కదలగానే వెనక కూర్చున్న వనజ అనే కొత్త పెళ్లికూతురికి కడుపులో తిప్పింది.

"ఇటు రా బిడ్డా, ఇక్కడ గాలి మంచిగ తగుల్తది," అంటూ స్వామిదాసు లేచాడు. అలవాటుగా రాడ్డు కోసం చెయ్యి పైకి చాపితే తెరచాప తాడు దొరికింది.

గంగామణికి ఒళ్లు మండింది. "అయిపాయె! సముద్రంల గూడ నేనొక్కదాన్నే!"

"నిలబడకూడదండీ!" అబ్రాహాము అరిచాడు. "తెరచాప తిప్పుతున్నా, అందరూ కుడివైపుకొచ్చి కూర్చోండి. లేకపోతే పడవ ఒరిగిపోద్ది!"

"గట్లెట్ల? ఎడమ దిక్కు దస్తీ ఏసిన గద!"

"గాలికి మీ దస్తీతో పనేంటండీ?"

స్వామిదాసు కుడివైపు దస్తీ వేశాడు. కాసేపటికి అందరూ ఎడమవైపుకు రావాలన్నారు. ఎడమవైపు వేశాడు. మళ్లీ కుడివైపుకన్నారు. బస్టాండులో ఓటమెరగని మొనగాడికి చెమటలు పట్టాయి.

"ఏం పిచ్చయ్యా ఇది నీకు?" అంది గంగామణి.

ఆయన మొహం చిన్నబోయింది. "బుజ్జి నీ కడుపుల ఉన్నప్పుడు, కామారెడ్డి దవాఖాన నుంచి ఎల్లారెడ్డి దాక నిలబడే వచ్చినవ్. కాళ్లు బూరెల లెక్క ఉబ్బినయ్. గా దినం నాకు సీటు ఆపుడు చాతగాలే. గప్పటి సంది ఎవలు నిలబడ్డా, నువ్వే నిలబడ్డట్టు అనిపిస్తదే."

గంగామణికి ఆ ప్రయాణమే గుర్తులేదు. ఈ మనిషి మాత్రం ఇన్నేళ్లుగా ఆ బస్సు దిగనేలేదు. ఆమెకు కోపం ఎటు పోయిందో, ఆయన మీద ఎక్కడలేని ప్రేమ ముంచుకొచ్చింది.

"మళ్లీ తిప్పుతున్నా! అందరూ ఎడమవైపుకి!"

ఈసారి గంగామణి ఆయన చేతిలోని దస్తీ గుంజుకుని విసిరింది. సూటిగా వెళ్లి ముందు సీట్లో పడింది.

"గది నా మొగుని సీటు! ఇంకెవలు కూసున్నా ఊకోను!"

పడవంతా చప్పట్లు కొట్టింది. స్వామిదాసు సీటు ఇచ్చేద్దామని చుట్టూ చూశాడు. నిలబడ్డవాళ్లు ఒక్కరూ లేరు. పాపం, కూర్చోక తప్పలేదు. తెరచాప నిండా గాలి పట్టి పడవ దూసుకుపోతుంటే, గంగామణి మొగుడి జబ్బ పట్టుకుని, సముద్రాన్ని తానే గెలిచినట్టు చూసింది. ఆ రెండు రోజులూ ఆ జబ్బ వదలలేదు.

తిరుగు ప్రయాణంలో కామారెడ్డి బస్టాండులో దస్తీ వేసింది కూడా ఆమే. దర్జాగా రెండు సీట్లు! ఇద్దరూ కూర్చున్నారో లేదో, మూటలతో ఇద్దరు ముసలమ్మలు ఎక్కారు. స్వామిదాసు భయంభయంగా భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే లేచి నిలబడింది.

"కూసోండ్రి అవ్వా," అంది.

ఎల్లారెడ్డి దాకా ఇద్దరూ ఒకే రాడ్డుకు వేలాడుతూ పక్కపక్కనే వచ్చారు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా గంగామణి అందరికీ వినబడేలా కేక పెట్టింది:

"తిప్పుతున్నడు! అందరు కుడి దిక్కు జరుగుండ్రి!"