కెంప్ట్ రూమ్, కూత్ మనుషులు

మస్కట్ వచ్చిన ఆ తొలిరోజుల్లో నాకు నా చేతి పని కంటే నా ఇంగ్లిషు మీదే నమ్మకం ఎక్కువ. (ఇంటర్ తప్పినా ఇంగ్లిషు ఒక్కటి పాసయ్యాను మరి.) హమ్రియాలో కంపెనీ ఇచ్చిన రూమ్‌లో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం, అందరం జగిత్యాల చుట్టుపక్కల వాళ్లమే. ఏ కాగితం వచ్చినా నా చేతే చదివించేవాళ్లు, నన్ను ‘మాస్టర్’ అనేవాళ్లు.

ఒక శుక్రవారం, రూమ్‌లు చూసుకునే సూపర్‌వైజర్ మా తలుపుకు నోటీసు అంటించాడు. రూమ్ ‘అన్‌కెంప్ట్’గా ఉంది, మనుషులు ‘అన్‌కూత్’గా ఉన్నారు, వారంలో మారకపోతే అందరినీ ఊరవతలి క్యాంపుకు పంపుతామని. అక్కడికి పోతే డ్యూటీకి రోజూ రెండు గంటల ప్రయాణం. మాలో పెద్దవాడైన సెంట్రింగ్ మేస్త్రీని అందరం పెద్దన్న అనేవాళ్లం. ఆయన అడిగాడు, “గా రెండు మాటలకు అర్థమేందిరా మాస్టర్?” నాకు తెలియదు. తెలియదనడం అలవాటు లేదు.

“అన్ అంటే లేదని అన్నా. హ్యాపీ అంటే సంతోషం, అన్‌హ్యాపీ అంటే సంతోషం లేదు. గట్లనే మనకాడ కెంప్ట్ లేదు, కూత్ లేదు.”

పెద్దన్న తల అడ్డంగా ఊపాడు. “కూత లేకపోవుడేంది, నీ గురకకు పక్క రూమోళ్లు గోడ కొడ్తుండ్రు. కెంప్టంటవా, రూవి బజార్ల దొర్కుతదేమో సూద్దాం.”

రెండు రోజులు రూమంతా కడిగి, బట్టలు మడతపెట్టి, నేను ఇంగ్లిషులో ఉత్తరం రాశాను: ‘సార్, ఇప్పుడు మా రూమ్ చాలా కెంప్ట్. మనుషులందరూ కూత్.’ మర్నాడే ఆఫీసుకు పిలుపొచ్చింది. సూపర్‌వైజర్ దాన్ని పైకి చదువుతుంటే గుమాస్తాలు పొట్టలు పట్టుకుని నవ్వారు. “ఈ మాటలు ఇంగ్లిషులోనే లేవు,” అన్నాడతను. ఎనిమిది మంది కొంప నేనే ముంచానని తల దించుకున్నాను.

అప్పుడు మా ముదీర్ (పెద్ద మేనేజరు, ఒమానీ ముసలాయన) లోపలి నుంచి లావుపాటి డిక్షనరీ తెచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని వెతికాడు. “ఉన్నాయి,” అన్నాడు హిందీలో. “పాత మాటలు. కెంప్ట్ అంటే దువ్వినది, నీటుగా ఉన్నది. కూత్ అంటే తెలిసినవాడు. అన్‌కూత్ అంటే మొదట తెలియనివాడనే, మొరటువాడనే అర్థం తర్వాత వచ్చింది.” సూపర్‌వైజర్ వైపు తిరిగాడు. “ఈ ఎనిమిది మంది పేర్లు నీకు తెలుసా?”

అతను పేర్ల కోసం ఉత్తరాన్ని తిప్పి చూశాడు.

ఆ సాయంత్రమే ముదీర్ మా రూమ్‌కు వచ్చి, మా చాయ్ తాగి, ఒక్కొక్కరి పేరూ ఊరూ అడిగాడు. మమ్మల్ని ఎక్కడికీ పంపలేదు. అర్థాలు విన్న పెద్దన్న తన బట్టతల నిమురుకుని, “దువ్వుడంటే గీ జన్మల నేను కెంప్ట్ గాను,” అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, “మావోడు రాసిండు,” అని వరండా అంతా తిరిగి చెప్పాడు.

ఇప్పుడు అదే కంపెనీలో స్టోర్ కీపర్‌ని. ప్రతి మాటా ఫోన్‌లో రెండుసార్లు చూసుకుంటే గాని మెయిల్ పంపను. నా ఇంగ్లిషులో తప్పులు దొరకవు, దాన్ని చదివి నవ్వేవాళ్లూ లేరు. ఒక్కోసారి ఆ పాత మాస్టర్‌గాడు గుర్తొచ్చి, ఒక్కణ్నే నవ్వుకుంటాను.