తూము దాటి నడిచిన దేవవ్వ

దేవవ్వ పుట్టింది చందుర్తి దగ్గర ఒక మెట్ట ఊళ్లో. అక్కడ నీళ్లంటే బావిలోనివే, చేదుకుంటే తప్ప రానివి. పెగడపల్లి వైపు ఒక ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో పోచంపాడు కాలువను చూసి ఆమె కట్ట మీదే నిలబడిపోయింది. ఎవరూ తోడకుండానే అన్ని నీళ్లు వాటంతట అవే పోతున్నాయి. బిందె పట్టుకుని వెళ్లిన కోడలు ఎంతకీ రాకపోయేసరికి అత్త వెతుక్కుంటూ వచ్చింది.

"ఏం జేస్తున్నవే ఈడ?"

"గీ నీళ్లు యాడికి పోతున్నయో సూద్దామని, అత్తా."

ఆమె భర్త మొండయ్య కల్లు గీసేవాడు. అతని తాటిచెట్లు అడవి అంచున ఉండేవి. వాళ్లకు పిల్లలు కలగలేదు. దాని గురించి దేవవ్వ ఎవరి దగ్గరా ఏడవలేదు గానీ, బడికి సెలవున్న రోజున వాడకట్టులోని పిల్లలందరినీ పోగేసేది. వాళ్లతో పాటు తల్లులు వచ్చేవారు, పని లేకపోతే తండ్రులు కూడా. సద్ది మూటలు కట్టుకుని కాలువ కట్ట వెంట తూము దాకా నడిచేవారు. అక్కడ కట్ట దిగి, మోదుగు చెట్ల మధ్య బండ్ల బాట పట్టుకుని గుట్ట కిందికి చేరేవారు. ఎండాకాలంలో మొర్రిపండ్లు, తునికిపండ్లు. వానలు వెలిశాక సీతాఫలాలు. చిన్నపిల్లలను ఎప్పుడూ పొలాల వైపు నడిపించి, కాలువ వైపు దేవవ్వ నడిచేది.

ఊరి దొర గోపాల్ రావు భార్య చంద్రకళ కూడా ఒకసారి వస్తానంది. గోపాల్ రావు ముందు వద్దన్నాడు. కూతురు ఇందిర ఏడ్చి గోల చేస్తే సరేనన్నాడు. మొదటి రోజు దొరసాని ముందు నడుస్తుంటే మిగతా వాళ్లంతా బెదురుగా దూరంగా వెనక నడిచారు. చంద్రకళ కొంతదూరం పోయి ఒక రాయి మీద కూర్చుంది.

"మీరంత ఎనుకనే ఉంటే నేను ఎవరితోటి మాట్లాడాలె?" అంది.

అదే వాడకట్టులోని పోశవ్వ కూతురు సారక్క నవ్వుతూ ముందుకొచ్చి ఆమె పక్కన నడిచింది. సారక్కకు పదమూడో పద్నాలుగో ఏళ్లు. గుట్ట కింద చెట్టెక్కి, మొర్రిపండ్లు దులిపి దొరసాని కొంగులో పోసింది కూడా ఆ పిల్లే. ఆ తర్వాత కొన్నేళ్లు చంద్రకళ ఒక్క నడకా తప్పలేదు.

ఎనభైల్లో కాలం మారింది. ఊళ్లో కూలీల సంఘం వచ్చింది. కూలి పెంచమని పనులు ఆపారు. గోడల మీద ఎర్ర రాతలు వెలిశాయి. గోపాల్ రావు కుటుంబం ఒక మధ్యాహ్నం జీపెక్కి జగిత్యాల వెళ్లిపోయింది. ఎదిగిన సారక్క కట్టెలకని వెళ్లి తిరిగి రాలేదు. అడవిలో అన్నల్లో కలిసిందని ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. పెద్దబడిలో పోలీసు క్యాంపు పెట్టారు.

అయినా దేవవ్వ పిల్లలను తీసుకుని బయలుదేరింది. తూము దగ్గర పోలీసులు ఆపారు. ఒకతను సద్ది మూటలన్నీ విప్పించాడు.

"ఇంత సద్ది ఎవరికే?"

"పిల్లలకు సారూ."

"ఏ పిల్లలకు? అడవిల ఉన్న పిల్లలకా?"

ఆ తర్వాత ఆమె వెంట రావడానికి ఎవరూ ఇల్లు కదల్లేదు. పక్కింటి కిష్టవ్వ తలుపు సగం తీసి, "అక్కా, ఏమనుకోకు. మా ఇంటాయన వద్దంటుండు" అని చెప్పి మూసుకుంది. అడవి అంచున చెట్లున్నాయి కాబట్టి మొండయ్య కల్లు ఎవరెవరికి పోస్తున్నాడో చెప్పమని క్యాంపుకు తీసుకుపోయారు. తిరిగొచ్చాక అతని కాళ్లు చెట్టెక్కడానికి పనికిరాలేదు. బతుకుదెరువుకు సిరిసిల్ల వెళ్లి, సాంచాల దగ్గర మగ్గాలకు కండెలు చుట్టే పనికి కుదిరాడు.

దేవవ్వ కూడా వెంట వెళ్లింది. వాళ్లుండే సందులో పగలంతా మరమగ్గాల చప్పుడు. తెల్లవారి లేచి సందు చివరి దాకా నడిచేది. అక్కడి నుంచి ఎటు వెళ్లాలో తోచక వెనక్కి వచ్చేది. కొన్ని నెలలకు, "నేను ఊరికి పోత" అంది.

"ఆడ నీతోటి మాట్లాడెటోళ్లు ఎవలున్నరే?" అన్నాడు మొండయ్య.

"కాలువ ఉన్నది గదా."

"పోతే పో. అడవిలకు మాత్రం పోకు."

ఆమె వచ్చింది. రోజూ ఒక్కతే తూము దాకా నడిచి వెనక్కి తిరిగేది. పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లు ఆమె కట్ట మీద కనిపిస్తే తలలు వంచుకునేవారు. పిల్లలు చేయి ఊపబోతే తల్లులు ఆ చేయి పట్టుకుని దించేవారు. ఇంటికి వచ్చి వండుకున్నది ఒక్కొక్కసారి తినాలనిపించక కుక్కకు వేసేది.

ఒక ఎండాకాలం పొద్దున, తలుపు దగ్గర చంద్రకళ నిలబడి ఉంది. ఒంటరిగా వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా.

"దొర్సానీ! దొరకు తెల్సునా?"

"చెప్పలేదు. బస్సుల వచ్చిన. జగిత్యాలల మేడ మీద రెండర్రలు, కిటికీ తెరిస్తే కూడా ఆయనకు భయం. ఒక్కసారి నడుద్దాం రా దేవవ్వా."

ఇద్దరూ నడిచారు. కాలువ నిండుగా పారుతోంది. తూము దగ్గర దేవవ్వ ఆగింది. చంద్రకళ ఆగలేదు. దేవవ్వ వద్దని చెప్పాలనుకుంది గానీ, పక్కన ఇంకొకరి అడుగుల చప్పుడు విని ఎన్నాళ్లైందో. ఆమె కూడా కట్ట దిగింది.

గుట్ట కింద నీడలో డబ్బా విప్పారు. పులిహోర. కొంచెం తిన్నారో లేదో ఆకుల అలికిడి అయింది. ఆలివ్ రంగు బట్టల్లో, భుజాన తుపాకితో ఒక ఆడమనిషి చెట్ల మధ్య నుంచి వచ్చింది. ముందు గుర్తుపట్టింది చంద్రకళే.

"సారక్కా!"

సారక్క వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "ఇటెందుకు అచ్చిండ్రు? మావోళ్లు ఎనుక అస్తున్నరు. లేవుండ్రి."

"నన్ను సంపుతరా?" అంది చంద్రకళ.

"గోపాల్ రావు పెండ్లామని తెలుస్తే తీస్కపోతరు. నా మాట సాగది."

చంద్రకళ డబ్బా ఆమె ముందుకు పట్టింది. "తిన్నవా?"

సారక్క నిలబడే రెండు ముద్దలు తిన్నది. చేయి ప్యాంటుకు తుడుచుకుంటూ, "ఇందిర ఎట్లున్నది?" అని అడిగింది.

"కాలేజీకి పోతున్నది."

సారక్క తల ఊపింది. దేవవ్వ వైపు తిరిగి, "మా అవ్వకు నేను కనవడ్డనని చెప్పకు. కండ్లు కాయలుగాసేటట్టు ఎదురుసూస్తది" అంది. తూము కనిపించే దాకా వాళ్ల వెనకే దూరంగా నడిచి, చెట్లలోకి వెళ్లిపోయింది.

బస్సెక్కేటప్పుడు చంద్రకళ దేవవ్వ చేయి వదల్లేదు. 

ఆ ఏడు వానాకాలంలో బీర్‌పూర్ వైపు అడవిలో కాల్పులు జరిగాయని కబురొచ్చింది. చనిపోయినవాళ్లలో సారక్క ఉంది. పోశవ్వ గుడిసె ముందుకు ఎవరూ రాలేదు. దేవవ్వ లోపలికి వెళ్లి ఆమె భుజం పట్టింది.

"లే, పోదాం."

"నాతోటి అస్తే నిన్ను గూడ పట్టుకపోతరే."

"పోనీ. లే."

శవాన్ని జగిత్యాల తెచ్చారని విన్నారు. బస్సు సగం దూరం పోయింది. అప్పుడు పోశవ్వ అడిగింది.

"నువ్వు గటు తిరుగుతవు గదా. ఎప్పుడన్న కనవడ్డదా?"

చెప్పొద్దన్న మనిషి ఇక లేదు. "కనవడ్డది. ఒక్కపారి."

"ఏమన్న పెట్టినవా?"

"దొర్సాని పులిహోర తెచ్చింది. తిన్నది."

"కడుపునిండ తిన్నదా?"

"నిండ తిన్నది," అంది దేవవ్వ.

ఆసుపత్రి దగ్గర పోశవ్వను కూర్చోబెట్టి, దేవవ్వ చంద్రకళ ఉండే మేడ వెతుక్కుంటూ వెళ్లింది. ఈ మాట పంచుకోవడానికి ఆమె తప్ప ఇంకెవరూ లేరు. మెట్లెక్కితే తలుపుకు తాళం ఉంది. వాళ్లు హైదరాబాద్ పోయి నెల దాటిందని కింద దుకాణం అతను చెప్పాడు. చిరునామా అతనికి తెలియదు.

పోశవ్వ ఎక్కువ కాలం బతకలేదు. ఏళ్లు గడిచాయి, క్యాంపు ఎత్తేశారు. దగ్గు ముదిరి మొండయ్య ఊరికి వచ్చేశాడు. ఇప్పుడు సెలవు రోజుల్లో వాడకట్టు వాళ్లు మళ్లీ గుట్టకు వెళ్తున్నారు, కొందరు మోటారు సైకిళ్ల మీద. ఒకసారి కిష్టవ్వ కోడలు వచ్చి, "పెద్దవ్వా, నువ్వు గూడ రారాదు" అని పిలిచింది. దేవవ్వ వెళ్లింది. పిల్లలు ముందు పరుగెత్తుతుంటే ఒక చిన్నది ఆమె పక్కన చేరింది.

"అవ్వా, గీడ అన్నలుండేటోళ్లట గదా. నువ్వు సూసినవా?"

"సూసిన."

"బుగులు కాలేదా?"

అంతలో ఆ పిల్లను ఎవరో పిలిచారు, పరుగెత్తిపోయింది. నవ్వులు చెట్ల మధ్య దూరమయ్యాయి. కాళ్లు నొప్పిగా ఉన్నాయని, మీరు పోండని చెప్పి దేవవ్వ వెనక్కి తిరిగింది. కట్ట వెంట మెల్లగా నడిచి ఇంటికి చేరేసరికి మొండయ్య పొయ్యి మీద ఎసరు పెట్టి గడపలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె బియ్యం కడగడానికి లోపలికి వెళ్లింది.