బూడిదలో పెట్టని చక్రం

నారాయణఖేడ్ డిపో వెనక స్తెఫనుకు వెల్డింగ్ దుకాణం ఉంది. పోత ఇనుము అతకడంలో అతనికి పేరు. ఆ పేరంటే అతనికి కొంచెం ఎక్కువ ఇష్టం కూడా. అతికిన ముక్కను వేడిమీదే పొయ్యి బూడిదలో పాతిపెట్టి, తెల్లారేదాకా ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. తొందరపెడితే, "అన్నం ఉమ్మగిల్లక ముందే తింటవా?" అని కసురుకునేవాడు.

ఒకరోజు మనూర్ హన్నమ్మ తన పిండిగిర్ని చక్రం బీటవారిందని ఆటోలో వేసుకొచ్చింది. అతికాడు. తీరా చూస్తే బూడిద లేదు. చర్చి విందుకని అతని భార్య రోజ గంగాళాలు తోమి, ఉన్నదంతా అవగొట్టింది. హన్నమ్మేమో ఎదురుగానే కూర్చుంది.

"గిర్ని బందైతే ఊరోళ్లు తిడుతరు స్తెఫన్నా, జల్ది ఇయ్యి."

పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇంత పేరున్నవాడి దగ్గర బూడిద లేదని చెప్పడం అతనికి నామోషీ అనిపించింది. బకెట్ నీళ్లు కుమ్మరించాడు. సుత్తితో కొడితే చక్రం బీటే లేనట్టు ఖంగున మోగింది. హన్నమ్మ మురిసిపోయి తీసుకుపోయింది.

కాగిన పోత ఇనుము ఒక్కసారిగా చల్లబడితే అతుకు చుట్టూ గాజులా పెళుసుబారుతుంది. కంటికి ఆనని బీట లోపల పడి, చక్రం తిరిగినకొద్దీ సాగుతుంది. ఇది స్తెఫనుకు తెలియదా? తెలుసు. తెలిసే పోశాడు మహానుభావుడు.

చక్రం కొన్ని నెలలు బాగానే తిరిగింది. కందులు కోసే రోజుల్లో విరిగింది. ముక్క ఎగిరొచ్చి తగిలి హన్నమ్మ కుడిచెయ్యి విరిగింది.

ఆదివారం, ఇద్దరూ వెళ్లే చర్చిలో ఆమె చేతికట్టుతోనే లేచి సాక్ష్యం చెప్పింది. "దేవుడు పానం కాపాడిండు. తప్పు నాదే, చక్రం మీది పట్టా గట్టిగ బిగించిన. స్తెఫన్న పని మంచిగనే చేసిండు. ఆయన పరేషాన్ కావద్దని ప్రార్థన చేయుండ్రి."

అందరూ కళ్లు మూసుకున్నారు. స్తెఫను మూసుకోలేకపోయాడు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. తనకోసం చేస్తున్న ప్రార్థన మధ్యలోనే లేచాడు.

"పట్టా కాదు. నేనే నీళ్లు పోసిన. బూడిద లేదని చెప్పనీకి సిగ్గైంది."

ఎవరూ ఆమెన్ అనలేదు.

తర్వాత కొత్త చక్రం పోత పోయించి, తనే మనూర్ తీసుకుపోయాడు. బిగించే ముందు అలవాటుకొద్దీ సుత్తితో కొట్టి వినిపించాడు. ఖంగుమంది.

హన్నమ్మ అతనివైపు చూడలేదు. "అప్పుడు గూడ గిట్లనే మోగింది గద, స్తెఫన్నా" అంది.

కోపంగా అన్నా బాగుండేది.