నలుగురికి సరిపడే పిండి

2006 జూన్ 18, ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. మృగశిర కార్తె మొదలై పది రోజులు దాటినా వనపర్తిలో నేల తడవలేదు. ఆకాశమంతా మబ్బు ఉంది, గాలి లేదు. ఆ వేళకు మా తమ్ముడు నాగర్‌కర్నూల్ నుంచి బస్సులో వచ్చి, భుజం మీది అట్టపెట్టెను నా వంటగదిలో దించాడు. పెట్టె మీద ఒక నిండు కుటుంబం బొమ్మ ఉంది. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, వాళ్ళ మధ్య బల్ల మీద ఒక యంత్రం.

“ఫుడ్ ప్రాసెసరంట,” అన్నాడు నుదురు తుడుచుకుంటూ. “కోస్తది, తురుముతది, నూరుతది, పిండి గూడ పిసుకుతది. ఇది గూడ నీతోని గాకుంటే నా మాట వినాలె అక్క.”

“ఏం మాట?”

“ఏం మాటనో నీకు తెల్వదా? నాలుగు వారాలు టైం. జూలై పదహారు, ఆదివారం మళ్ల వస్త. నీ చేతుల మీద జొన్నరొట్టె చేసి పెట్టు. తింట, పోత. కాలేదనుకో, సామానంత గట్టి డీసీఎం వ్యానుల ఏసుకొని మా ఇంటికి తోల్కపోత. అప్పుడు మళ్ల గిట్ల గట్ల అనొద్దు.”

“తేదీ చెప్పినవు కద. తేదీ చెప్పినంక నేను మాట మార్చను.”

అప్పటికి నాకు యాభై తొమ్మిదేళ్ళు. ముప్పై మూడేళ్ళు సర్కారు దవాఖానాల్లో మందులిచ్చే కిటికీ వెనుక పనిచేశాను. మొదట అలంపూర్, తర్వాత గద్వాల, నాగర్‌కర్నూల్, చివరికి వనపర్తి. పెళ్ళి చేసుకోలేదు. దానికి కారణాలున్నాయి గానీ వాటికి ఇక్కడ చోటు లేదు. పదవీ విరమణ తర్వాత కూడా వనపర్తిలోనే, ఒక ముస్లిం కుటుంబం వారి మేడ మీది వాటాలో అద్దెకు ఉండిపోయాను. మే 2వ తేదీన స్నానాల గదిలో కాలు జారింది. కుడి మణికట్టు ఎముక విరిగింది. కట్టు ఉన్న నలభై రెండు రోజులూ తమ్ముడి ఇంట్లోనే ఉన్నాను.

ఆ ఇంట్లో నాకు ఏ లోటూ జరగలేదని ముందే చెప్పాలి. మరదలు పళ్ళెం నా ముందు పెట్టి, “ఇంక జర ఏసుకో వదినె,” అనేది. తమ్ముడి కొడుకులిద్దరూ నేను కూర్చునే కుర్చీని ఫ్యాను కిందికి జరిపేవారు. కానీ ఆ నలభై రెండు రోజుల్లో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. ఉప్పు సరిపోయిందా అనైనా అడగలేదు. ముప్పై మూడేళ్ళు ఆ కిటికీ ముందు నిలబడిన ప్రతి మనిషీ నన్ను ఏదో ఒకటి అడిగేవాడు. ఎన్ని మాత్రలు, ఎన్ని పూటలు, తినక ముందా, తిన్న తర్వాతా. అడిగే మనుషులు లేని ఇంట్లో మిగిలిన ఏళ్ళు కూర్చొని తినడం నాకు సాధ్యం కాదు. జూన్ 13న కట్టు విప్పగానే వనపర్తికి తిరిగి వచ్చేశాను. చేయి వచ్చింది గానీ అందులో బలం రాలేదు. చెంబు ఎత్తగలను, పిండి పిసకలేను. మా వైపు జొన్నరొట్టె లేనిదే పూట గడవదు. అది చేసుకోలేని మనిషి ఒంటరిగా ఉండలేదన్న తమ్ముడి వాదనలో తప్పు వెతకలేకపోయాను.

యంత్రంలో ఒక పెద్ద గిన్నె, ఒక ఉక్కు బ్లేడు, తురిమే బిళ్ళలు రెండు, పిండి కలిపే ప్లాస్టిక్ రెక్క ఒకటి ఉన్నాయి. మూత తిప్పి ‘టక్’మని గాడిలో పడితే తప్ప అది కదలదు. దానితో వచ్చిన చిన్న పుస్తకాన్ని మొదటి రోజే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ప్రతి వంటకం కింద కొలతలు గ్రాముల్లో ఇచ్చారు. అది నాకు నచ్చింది. అయితే అన్ని కొలతలూ నలుగురికే.

నేను నాలుగుతో భాగించాను. అదే పొరపాటు. ఒక ఉల్లిగడ్డ వేస్తే బ్లేడు తగిలిన మొదటి క్షణంలోనే ముక్కలన్నీ ఎగిరి గిన్నె గోడలకు అతుక్కున్నాయి. బ్లేడు వట్టి గాలిలో తిరిగింది. యాభై గ్రాముల పల్లీలు కూడా అంతే. గోడలను గరిటెతో గీకి, మళ్ళీ తిప్పి, మళ్ళీ గీకి చూశాను. పల్లీలు పలుకులుగానే మిగిలాయి. మూడు ఉల్లిగడ్డలు వేస్తే చక్కగా తరిగింది. రెండు వందల గ్రాముల పల్లీలు వేస్తే మెత్తగా నూరింది. దానికి కావలసింది బరువు. ఒక్క మనిషి తిండి ఆ బ్లేడుకు అందనంత చిన్నది.

దాంతో ఒకసారి నూరిన పల్లి తొక్కును మూడు రోజులు తినేదాన్ని. మూడో రోజు దాన్ని గిన్నెలో తీసుకొని కిందికి వెళ్ళాను. ఇంటి యజమానురాలు కుట్టుమిషను ముందు కూర్చొని ఉంది. నాకంటే పదేళ్ళు చిన్నది. అయినా నేను ఆమెను ఆపా, అంటే అక్క, అంటాను; ఆమె నన్ను మేడమ్ అంటుంది.

“మేడమ్, పైన ఏంది గా సప్పుడు? బోరు ఏస్తున్నరా?”

“తొక్కు నూరిన ఆపా. ఎక్కువైంది, జర తీసుకోండ్రి.”

“గంత సప్పుడు జేసి గింత తొక్కా!” అని వేలితో నాకి చూసింది. “ఉప్పు తక్కువుంది. అయినా ఒక్క మనిషికి గంత పెద్ద మిషన్ ఎందుకు? పెండ్లి గిట్ల పెట్టుకున్నరా ఏంది, మాకు చెప్పకుండ?”

“పెట్టుకుంటే మొదటి దావత్ మీకే.”

ఆమె నవ్వి దారం తెంపింది. నేను మెట్లెక్కి వచ్చాను. యంత్రం ఆగిన తర్వాత వంటగదిలో నిశ్శబ్దం ఎంత పెద్దగా ఉంటుందో ఆ రోజుల్లోనే గమనించాను. అంతకు ముందు కూడా అంతే నిశ్శబ్దం ఉండి ఉండాలి. పోల్చి చూడడానికి అప్పుడు ఏ చప్పుడూ లేదు.

అసలు పరీక్ష రొట్టె. గోధుమపిండి ఎలా కలపాలో పుస్తకం చెప్పింది. జొన్నపిండి మాట ఎత్తలేదు. రెండో వారంలో రెండు వందల యాభై గ్రాముల జొన్నపిండి వేసి, మూత మీది గొట్టంలోంచి చన్నీళ్ళు పోస్తూ తిప్పాను. ముద్ద కట్టేదాకా తిప్పమని గోధుమపిండికి రాసిన మాటనే నమ్మాను. జొన్నకు జిగట లేదు, అది ముద్ద కట్టదు. కట్టలేదని మళ్ళీ నీళ్ళు పోశాను. చివరికి గిన్నెలో ఉన్నది జావ. దాన్ని పొయ్యి మీద పెట్టి అంబలి కాచుకున్నాను. రెండు రోజులు అదే తాగాను.

జొన్నపిండికి ఉడుకునీళ్ళు కావాలని మా వైపు ఆరేళ్ళ పిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ యంత్రం గిన్నెలో వేడివి పోయరాదని పుస్తకంలో అచ్చయి ఉంది. అచ్చులో ఉన్న మాటను దాటడం నాకు అలవాటు లేదు. మూడో వారంలో మధ్యేమార్గం దొరికింది. సగం పిండిని విడిగా, మరిగే నీళ్ళలో వేసి కలిపి చల్లార్చాను. తర్వాత దాన్ని మిగతా సగంతో కలిపి యంత్రంలో వేశాను. ఈసారి పిండి దగ్గరకు వచ్చింది. చేత్తో తట్టలేను కనుక ముద్దను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి, పైన స్టీలు పళ్ళెం బోర్లించి, మోచేతి బరువంతా మోపాను. రొట్టె వచ్చింది. దళసరిగా, అంచులు పగిలి ఉంది. అయినా పెనం మీద పొంగింది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. చేత్తో చేసేవాళ్ళు ఒక్క రొట్టెకు సరిపడా పిండిని అప్పటికప్పుడు పిసుకుతారు. ఒంటరి మనిషికి అంతకంటే అనువైన పద్ధతి లేదు. యంత్రం నాలుగు రొట్టెల పిండి కన్నా తక్కువ పిసకదు. నాలుగో ముద్ద వంతు వచ్చేసరికి అది ఎండి బీటలు వారేది. తడిగుడ్డ కప్పడం నేర్చుకున్నాను.

జూలై 16న తమ్ముడు పదకొండు గంటలకు వచ్చాడు. చంకలో మడిచిన గోనెసంచులు, ఒక నులకతాడు కట్ట ఉన్నాయి. వాటిని తలుపు పక్కన పెట్టాడు. నేను చూశానని అతనికి తెలుసు.

“బండి మాట్లాడినవా?” అన్నాను.

“మాట్లాడలే. సంచులైతే తెచ్చిన. సంచులకు కిరాయి లేదు కద.”

పిండి యంత్రంలో వేసి మీట తిప్పాను. రెక్క నాలుగైదు చుట్లు తిరిగింది, కరెంటు పోయింది. మా వీధి కోత వేళ అది కాదు. పిండి సగం పొడిగా, సగం తడిగా గిన్నెలో ఉండిపోయింది.

“చెయ్యి పెట్టాల్నా?” అన్నాడు తమ్ముడు.

“పరీక్ష పెట్టేటోనివి నువ్వు. రాసేది నేను. నువ్వు కూసో.”

పిండి మీద తడిగుడ్డ వేసి, అతనికి ఎదురుగా కూర్చున్నాను. మేమిద్దరమే అలా కూర్చొని ఎన్నేళ్ళయిందో లెక్క తీయబోయి విరమించుకున్నాను. కింద కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపటికి అతను తాడు కట్టను ఒళ్ళోకి తీసుకొని దాని కొన విప్పడం, చుట్టడం మొదలుపెట్టాడు.

“నీ మంచికే అంటున్న అనుకున్నవా అక్క?” అన్నాడు.

“మరి?”

“ఎరువుల దుకాణం నేను పెట్టిందే కద. ఇప్పుడు పెద్ద కొడుకు నడుపుతుండు, నేను పొద్దంత అండ్లనే కూసుంట. ఒక్క రైతు నన్ను ధర అడగడు. ‘పెద్దోడు లేడా?’ అంటరు. ఇంటికొస్తె వాండ్లు వాండ్లు మాట్లాడుకుంటరు. నువ్వున్న నలభై రోజులు సాయంత్రం వచ్చి నీ కుర్చీ కాడ కూసుంటుంటి. యాదికుందా?”

యాదికి ఉంది. రోజూ ఆరున్నరకు వచ్చి కూర్చునేవాడు. నా చేయి చూడడానికి వస్తున్నాడనుకున్నాను.

“నాకోసం రమ్మంటున్న,” అన్నాడు. “నీ చెయ్యి మంచిగైతదని డాక్టర్ చెప్పిండు. నాకు తెలుసు.”

వస్తానని అనలేదు. నా వంటగదిని వదులుకోవడం అప్పటికీ నాకు సమ్మతం కాదు. “నువ్వే రా. ప్రతి ఆదివారం,” అన్నాను. “ఈ మిషన్ ఎట్లైనా నలుగురి పిండి పిసుకుతది. ఒక్కదాన్ని తినలేకపోతున్న.”

“ప్రతి ఆదివారమా?” అని తాడు కొనను కట్టలోకి దోపాడు. “వస్త.”

పన్నెండు దాటాక కరెంటు వచ్చింది. నాలుగు రొట్టెలు అయ్యాయి. తమ్ముడు రెండు తిన్నాడు. “అంచులు పగిలినయ్, అమ్మ చూస్తే నెత్తి మీద మొట్టేది,” అన్నాడు. “తొక్కుల ఉప్పు సరిపోయిందా?” అని అడిగాను. సరిపోయిందన్నాడు. గోనెసంచులు మళ్ళీ చంకన పెట్టుకొని రెండున్నర బస్సుకు వెళ్ళాడు.

మరుసటి ఆదివారం నుంచి ప్రతి ఆదివారం పదకొండు గంటలకు నలుగురి పిండి వేశాను. చేయి బాగుపడ్డాక మిగతా రోజుల్లో ఒక్క రొట్టె పిండి చేత్తోనే పిసుక్కునేదాన్ని. ఆదివారం మాత్రం యంత్రమే. రాలేని వారాలు మొదట్లో తమ్ముడు ఫోన్ చేసి చెప్పేవాడు. విత్తనాల రోజులనేవాడు, ఎవరిదో పెళ్ళనేవాడు, మోకాళ్ళనేవాడు. తర్వాత ఫోన్ చేయడం తగ్గింది. అతను చెప్పిన కారణాలు నిజమో కాదో నేను సరిచూడలేదు. నాగర్‌కర్నూల్‌కు నేనే వెళ్ళవచ్చు కదా అని ఆపా ఒకసారి అడిగింది. వెళ్తే పిండి ఎవరు వేస్తారన్నాను. ఆమె నవ్వలేదు.

2009 డిసెంబరు 27, ఆదివారం, పిండి తిరుగుతుండగా మోటారు కాలి వాసన వచ్చింది. గద్వాలలో బాగుచేసే దుకాణానికి తీసుకువెళ్ళాను. ఆ రకం మోటారు ఇప్పుడు రావడం లేదన్నారు.

2006 జూలై 23 నుంచి ఆ రోజు వరకు వచ్చిన ఆదివారాలు నూట ఎనభై. తమ్ముడు వచ్చి తిన్నవి పదకొండు.