శంఖాలకు పేర్లున్నాయి, మా చిన్నాయనకు లేదు

మా చిన్నప్పుడు... కంబదూరు దగ్గర మా ఊరి బడిలో, ఆగస్టు పదిహేను పొద్దున, మా అవ్వ పిల్లల వరుసలు చీల్చుకుంటూ సారు దగ్గరికి నడిచింది.

కార్గిల్ యుద్ధం జరిగిన ఏడు అది. అమరులైన జవాన్ల పేర్లు సారు మైకులో చదువుతున్నాడు.

"మా ఓబులేసు పేరు గూడా సదువప్పా" అంది అవ్వ.

ఓబులేసు మా చిన్నాయన. వానల్లేక శెనక్కాయ చేను ఎండిపోతే, సరిహద్దు కొండల్లో రోడ్డు పనికి పోయాడు. కూలీల డేరా మీద ఫిరంగి గుండు పడింది. శవం రాలేదు... కబురొక్కటే వచ్చింది.

"ఆయప్ప జవాను కాదు గదవ్వా! యుద్ధంలో సచ్చిపోయినోళ్ల పేర్లే సదవల్ల."

"మావోడు యాడ సచ్చినాడప్పా? పెండ్లి బువ్వ తింటా సచ్చినాడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు మళ్లీ చదువుకుంటూ పోయాడు. మాకు చాక్లెట్లు పంచారు.

ఊరి బయట వీరగల్లు ఉండేది... ఏనాటి పోరులోనో చచ్చిన మనిషిని, చేతిలో కత్తితో చెక్కిన రాయి. ఉగాదికి ఊరంతా దానికి నూనె పూసేది. చిన్నాయన ఊళ్లో ఉన్నప్పుడు కరువు పనిలో పగలగొట్టిన రాయొకటి అవ్వ మోసుకొచ్చి, దాని పక్కన నిలబెట్టి పసుపు పూసింది.

"ఏమవ్వా, కంకర రాయికి గూడా పూజనా?" అన్నాడు దారినపోయే ఒకడు.

"కత్తి పట్టినోడు మనుషుల్ని నరికినాడు. నా కొడుకు రోడ్డేసినాడు. ఎవురికి మొక్కల్లో నువ్వే చెప్పు!"

కొన్నేళ్లకు అక్కడే జవాన్లకు స్తూపం కట్టారు. రాళ్లు చాలక అవ్వ రాయిని పునాదిలో వేశారు. "రాయే గదవ్వా, అట్ల సూస్తాండావేమి?" అన్నాడు మేస్త్రీ.

నేనిప్పుడు ఊరూరా పురాణం చెప్పే మనిషిని. బడిలో కాదు, నాకు నేనే నేర్చుకున్నాను. కురుక్షేత్రంలో ఊదిన శంఖాలకు కూడా పేర్లున్నాయి... పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం! ఆ సైన్యాలకు అన్నం వండినవాడి పేరు చెప్పండి. రథాలకు బాట వేసిన కూలీ పేరు చెప్పండి! దేశాలదీ అదే బుద్ధి. ఆయుధం పట్టి చచ్చినవాణ్ని రాయి మీద చెక్కుతాయి. పని చేసుకుంటూ చచ్చినవాణ్ని రాయి కింద పూడుస్తాయి.

ఇప్పుడా స్తూపానికి రంగు లైట్లు పెట్టారు. ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. కింద ఏముందో అడిగేవాడు లేడు... అవ్వా లేదు.

మీ ఊళ్లోనూ యూనిఫాం లేకుండా యుద్ధంలో పోయినవాళ్లు ఉంటారు. వాళ్ల పేర్లు ఈ పోస్టు కింద రాయండి. ఇప్పుడు మైకు నా చేతిలో ఉంది... కథ ఎత్తుకునే ముందు, శంఖాల కంటే ముందు, ఆ పేర్లు చదువుతాను.

మొదటి పేరు నేనే రాస్తున్నా... ఓబులేసు. రోడ్డు కూలీ.