మామ బీరు తేటపడని దినాలు

పోయిన వారం కువైట్‌లో, ఎగైలాలో మా మేడమ్ ఇంటికి సరుకులు కొనేదానికి మాల్‌కు పోయినా. కేకుల సామాన్లు పెట్టే అరలో జెలటిన్ పొడి పొట్లాలు వరసగా కనబడినాయి. మేడమ్ రాసిచ్చిన చీటీలో అది లేదు. అయినా ఒకటి తీసి చేతిలో పట్టుకొని అట్లనే నిలబడిపోయినా. వెనక ట్రాలీ తోసుకొస్తా ఉన్న ఫిలిప్పీన్ పిల్ల దారిమ్మని రెండు మార్లు అడిగింది. నా మాదిరి అరవై దాటిన డ్రైవరు ఒకడు పొడి పొట్లం చూసి కండ్లు తుడుచుకుంటా ఉంటే ఆ పిల్ల ఏమనుకొనిందో ఏమో.

నేను మామ అని పిలిచిన మనిషి నాకు మేనమామ కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. మాది రాజంపేట పక్క, ఆయనది రాయచోటి పక్క. కువైట్‌లో మన యాస చెవిన పడితే చాలు, వరస దానంతట అదే కలుస్తుంది. ఆయన ఫాహీల్‌లో తెల్లోళ్ళ ఇంజనీర్ల మెస్సులో వంటమనిషి. ఈ దేశంలో మందు అమ్మరు గదా, ఆ ఇంజనీర్లు వాళ్ళ బీరు వాళ్ళే చేసుకొనేవాళ్ళు. వాళ్ళ చేతికింద నిలబడి మామా నేర్చుకున్నాడు. మత్తు లేని మాల్ట్ డ్రింకు సీసాలు కొని, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలో పోసి, చక్కెర, రొట్టెల్లో వేసే ఈస్టు కలిపి పెడితే పది దినాలు బుడగలు వస్తా ఉంటాయి. బుడగలు ఆగితే బీరు అయినట్టే. అయితే చూసేదానికి అచ్చం కుడితి నీళ్ళే. దాన్ని తేట చేయడంలోనే ఉంది మామ పనితనమంతా. గోరువెచ్చని నీళ్ళలో జెలటిన్ కరిగించి పోసి, ఫ్రిజ్ అరలన్నీ పెరికి పక్కన పెట్టి, డబ్బాను దాంట్లో నిలబెట్టేవాడు. ఇంక మూడు దినాలు కూరగాయలు నేలమీద, సెలవు దినం ఆయన గదికి పోయే మేము పిల్లి అడుగుల మీద. ఆ పక్క గట్టిగా నడిస్తే కూడా కసిరేవాడు. మడ్డి అడుక్కు దిగినాక, పైనున్న తేటను సన్న పైపుతో గ్లాసులోకి లాగి, గ్లాసు వెనక అరబ్బీ పేపరు పట్టేవాడు. ఆయనకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. అక్షరాల కింద ఉండే చుక్కలు గ్లాసులోంచి కనబడాల, అంతే పరీక్ష. కనబడకుంటే పెద్ద ఇంజనీరు వచ్చి అడిగినా పోసేవాడు కాదు. "కుడితి పోసి మర్యాద చేస్తారంట్రా ఎవురన్నా" అనేవాడు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు నేను జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. రెండో దినానికే మా కఫీల్, అదే నాకు వీసా ఇచ్చిన యజమాని, పెండ్లాం బిడ్డల్ని కార్లో ఎక్కించుకొని సౌదీకి పోయినాడు. నా పాస్‌పోర్టు బీరువాలో ఉండిపోయిందో, ఆయనతోపాటు పోయిందో ఆ దేవునికే ఎరుక. బీరువా తాళంచెవి కూడా ఆయన జేబులోనే పోయింది. నన్ను మాత్రం ఇంటికి కాపలా ఉండమన్నాడు. ఉన్నా. సైనికులొచ్చి టీవీ, కార్పెట్లు, ఆఖరికి వంటింట్లో కుక్కర్లు కూడా మోసుకుపోతా ఉంటే, ఇంక కాపలా దేనికి కాయాల్నో తెలియక, బట్టల సంచి భుజానేసుకొని ఫాహీల్‌లో మామ గదికి చేరినా.

మెస్సు అప్పటికే మూతబడింది. ఇంజనీర్లు ఎక్కడ దాక్కున్నారో తెలీదు. గదిలో మామ ఉన్నాడు, గొడవలకు ముందే కలిపి, ఆ పొద్దే జెలటిన్ పోసి ఫ్రిజ్‌లో నిలబెట్టిన ఒక డబ్బా ఉంది. ఊర్లో అత్తకు ఎనిమిదో నెల. పెండ్లయిన పదకొండేండ్లకు కడుపు పండింది. ఫోన్లు లేవు, జాబులు లేవు. జనం బస్సులు మాట్లాడుకొని బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు పోతా ఉండారు, ఆడికి మన విమానాలు వస్తాయని. మామ పాస్‌పోర్టు ఆయన దిండు కిందే ఉంది. ఈ దినం కావాలంటే ఈ దినం పోవచ్చు. "నెలలు నిండే మనిషి ఇంట్లో ఉండగా మొదలుపెట్టిన పని సగంలో ఇడిసి పోగూడదని మాయమ్మ చెప్పేది. మూడు దినాలే గదరా అల్లుడా. ఇది తేటపడనీ, తెలిసినోళ్ళకు తలా ఒక గ్లాసు పోసి బస్సెక్కుతా" అన్నాడు.

మూడు దినాలు పోతే ఆ గదిలో నేనొక్కడినే. ఉన్న మాట చెప్తా, నాకు తుపాకులంటే అంత భయం వేయలేదు. పాస్‌పోర్టు లేదు, పోయే దారి లేదు, పొద్దున లేస్తే "లేచినావా" అని అడిగే మనిషి కూడా ఉండడనేదే నా భయం. పోవద్దు మామా అని అడగొచ్చు గదా. బిడ్డ పుట్టబోయే మనిషిని ఏ నోరు పెట్టుకొని అడిగేది?

రెండో దినం పొద్దున మామ రొట్టెల క్యూకు పోయినాడు. ఖుబ్జ్ దొరకాలంటే రెండు గంటలు నిలబడాల. నేను ఫ్రిజ్ తీసి, డబ్బాను రెండు చేతులా వాటేసుకొని, అడుగునున్న మడ్డంతా లేచేదాకా ఊపినా. చల్లని డబ్బాకు పట్టిన చెమటకు చొక్కా తడిసి ఎదంతా చల్లబడింది. చొక్కా మార్చి, తడిసింది పిండి తీగ మీద ఆరేసి, పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టు మంచం మీద కూర్చున్నా.

మూడో దినం మామ గ్లాసు వెనక పేపరు పట్టినాడు. చుక్కలు కాదు గదా, పేపరే కనబడలేదు. "జెలటిన్ పాతదేమో" అన్నాడు. ఇంకో పొట్లం ఎక్కడో వెతికి తెచ్చి పోసినాడు. ఆయన క్యూకు పోతానే నేను ఊపినా. గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి పోసినాడు. మళ్ళీ ఊపినా. ఆఖరికి నా సంచిలో చిల్లగింజలు బయటపడినాయి. కువైట్‌లో సముద్రం నీళ్ళే తాగుతారంటనే అని మాయమ్మ కట్టిచ్చినవి. మా ఊరి చెయ్యేటికి బురద కొత్తనీళ్ళు వస్తే, తేటపడేదానికి మా ఇంట్లో బానలో ఆ గింజే అరగదీసేవాళ్ళు. ఈడి నీళ్ళు అద్దం మాదిరి ఉంటే వాటితో ఏం పని, రెండేండ్లుగా అట్లనే మూలన పడి ఉండినాయి. మామ మొగం వెలిగిపోయింది. గచ్చు మీద కూర్చొని గంటసేపు గింజ అరగదీసి, ఆ గంధం కలిపి, "మన ఊరి మందుకు లొంగకుండా పోతుందా" అన్నాడు. మరుసటి దినం ఆ గంధాన్ని కూడా నేను కలియబెట్టేసినా. నా అంత పాపిష్టోడు ఇంకొకడు ఉండడని అప్పుడే అనిపించింది. అయినా మానలేదు.

ఇట్ల పద్దెనిమిది దినాలు జరిగింది. సందేళ ఇద్దరం రొట్టె, పప్పు తిని కబుర్లు చెప్పుకొనేవాళ్ళం. బిడ్డకు పేరు ఏం పెట్టాలని నన్నే అడిగేవాడు. ఆ సందేళలు ఎంత బాగుండేవో చెప్పుకునేదానికి కూడా నాకు సిగ్గు.

పద్దెనిమిదో దినం కింది అంతస్తు మలయాళీ ఆయన వచ్చి, రేపు పొద్దున బస్సు, ఒక్క సీటు మిగిలింది, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేను అన్నాడు. మామ నా పక్క చూసినాడు. లేచి పోయి, పేపరు లేకుండా, పరీక్ష లేకుండా, రెండు గ్లాసుల్లో ఆ కుడితినే పట్టినాడు. తెలిసినోళ్ళనెవరినీ పిలవలేదు. "తాగు, కడుపులోకి పోయినాక చూసేదెవురు" అన్నాడు. ఈస్టు వాసన కొట్టింది. ఇద్దరం తాగినాము.

పొద్దున బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగినాడు. "అల్లుడా, ఇంక డబ్బాను ఊపొద్దు" అన్నాడు. కోపంగా అనలేదు, రొట్టెలు పైన పెట్టినా తిను అన్నట్టు అన్నాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. దినామూ తీగ మీద ఆరే నా చొక్కాను చూడకుండా ఎట్ల ఉంటాడు? నేను నోరు తెరిచేసరికి బస్సు కదిలింది.

డబ్బా మూడు దినాల్లో తేటపడింది. గ్లాసులో పట్టి పేపరు పెట్టి చూసినా. చుక్కలు ఒక్కొక్కటే కనబడినాయి. అంత తేట బీరు మామ కూడా ఎప్పుడూ తీయలేదు. "చూడు మామా" అని గట్టిగానే అన్నా. తాగబుద్ధి కాలేదు, గ్లాసును ఎదురుగా పెట్టుకొని సందేళ దాకా ఏడ్చినా. మరునాడు డబ్బాడు బీరూ బాత్రూములో పారబోసినా.

పాస్‌పోర్టు బదులు మన ఎంబసీ ఇచ్చిన కాయితం పట్టుకొని నేను ఊరు చేరింది ఇంకో నెలకు. మరుసటి వారమే మామ ఇంటికి పోయినా. ఆయన చేరేసరికి బిడ్డ పుట్టి తొమ్మిది దినాలంట. కాన్పు కష్టమైందంట. "రెండు దినాలు ఆయనొచ్చినాడా, ఆయనొచ్చినాడా అని ఒకటే అడిగినానంట, నాకు గ్యాపకమే లేదు" అని అత్త నవ్వుతా చెప్పింది. మామ నవ్వలేదు. బిడ్డను తెచ్చి నా చేతిలో పెట్టి, కాఫీకి పాలు తెస్తానని బయటికి పోయినాడు. చెప్పాలని పోయిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. మామ చనిపోయి ఇప్పటికి ఆరేండ్లు.

తర్వాత మళ్ళీ కువైట్‌కే వచ్చినా. ఈ ముప్పై ఏండ్లలో ఎన్ని దినాలు ఊరికే పోయినాయో, వాటి గురించి నాకు చింత లేదు. ఆ పద్దెనిమిది దినాలు మాత్రం నావి కావు, ఒక మనిషి పుట్టబోయే తన బిడ్డకని పెట్టుకున్నవి. దొంగిలించినా అనుకున్నా గానీ, తెలిసి తెలిసీ ఆయనే నాకిచ్చినాడు.