పడినవాడి పక్షం

దుబాయ్‌లో మగాళ్ళందరికీ కఫీల్, అంటే వీసాకి పూచీ పడేది, ఏ అరబ్బు సేటో, ఏ కంపెనీయో. నాకు మాత్రం మా ఆవిడే కఫీల్. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, నేను ఆవిడ వీసా మీద ఆవిడ మొగుడిగా దిగినవాణ్ణి. ఎక్కడైనా మొగుడూ పెళ్ళాలకి గొడవైతే పెళ్ళాం పుట్టింటికి వెళుతుంది. మా ఇంట్లో గొడవైతే నేను దేశం వదిలిపోవాలి. అందుకే మా కాపురంలో ఇంతవరకూ గొడవల్లేవు. ఆవిడ తిడుతుంది, నేను పడతాను, దాన్ని గొడవ అనరు. చదువు చూద్దామా అంటే, ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి నేను మాస్టారికి నచ్చలేదు, రెండోసారి మాస్టారు నాకు నచ్చలేదు. ఆ రెండేళ్ళలో నాకు వచ్చిన లెక్కలన్నీ కుస్తీ వస్తాదుల బొమ్మలున్న పేక ముక్కల మీదివే. ఎవడి ఎత్తెంత, ఎవడి బరువెంత, ఎవడి ఛాతీ ఎంత అని అడిగితే నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. పాపం మాస్టారు ఒక్కసారైనా అవి అడగలేదు.

మొన్న అల్ ఖూజ్‌లో మా గోదాము సర్దుతుంటే వెనక మూల నుంచి ఒక పెద్ద కాన్వాసు చుట్ట బయటపడింది. మాది సభలకీ పెళ్ళిళ్ళకీ స్టేజీలు, కుర్చీలు, లైట్లు అద్దెకిచ్చే కంపెనీ. నేను వ్యాను డ్రైవర్ని. చుట్ట విప్పితే దుమ్ముతో పాటు పాత చెమట వాసన, రబ్బరు వాసన గుప్పుమన్నాయి. కుస్తీ రింగు మీద పరిచే గుడ్డ అది. బూట్లు రాసుకున్న నల్లటి చారలు అలాగే ఉన్నాయి. మా ముదీర్, అదే మేనేజరు, ముక్కు మూసుకుని "ఖలాస్, ఫేక్ దో" అని వెళ్ళిపోయాడు. పారేద్దామనే ఎత్తాను. ఎత్తి, మళ్ళీ దించి, దాని మీదే కాసేపు కూర్చున్నాను.

కరోనాకి ముందు రోజుల్లో ఇక్కడ చిన్న కుస్తీ కంపెనీ ఒకటి ఉండేది. టీవీలో వచ్చేవాళ్ళలాగా నిప్పులు చిమ్మడాలు, పెద్ద తెరలు ఏమీ ఉండవు. పాతకాలం పద్ధతి. లోపల ఏసీ చల్లగా కొట్టే ఆటల హాలు, మధ్యలో రింగు, ఒక గంట, నల్లచారల చొక్కాలో ఒక రెఫరీ. కొన్ని నెలలకొకసారి ఆట పెట్టేవాళ్ళు. రింగు సామాను నా వ్యానులోనే వెళ్ళేది. నేనూ ఇద్దరు నేపాలీలూ కలిసి ఇనప దూలాలు బిగించి, వాటి మీద ప్లైవుడ్ పలకలు పేర్చి, పలచటి స్పాంజి వేసి, ఈ గుడ్డ లాగి కట్టేవాళ్ళం. కట్టినవాళ్ళకి ఆట ఉచితం. అదంతా ముందే మాట్లాడుకుని ఆడే ఆట అని నాకు తెలుసు. ఎవడు గెలవాలో గంట కొట్టకముందే ఖాయమైపోతుంది. కాని ఆ స్పాంజి ఎంత పలచనో కూడా నాకే తెలుసు. పడటం మాత్రం ఎవడూ అబద్ధంగా పడలేడు.

వచ్చే జనాన్ని చూడటమే ఒక సరదా. ముందు వరసలో తెల్లటి పొడుగు కందూరాల్లో ఇక్కడి కుర్రాళ్ళు బంగాళాదుంప వేపుళ్ళు తింటూ, వాళ్ళ వెనక ఫిలిప్పీన్స్ సంసారాలు చంటిపిల్లలతో సహా, ఆ వెనక పఠాన్ టాక్సీ డ్రైవర్లు, మలయాళీ కొట్టువాళ్ళు. హీరో పచ్చ లాగు వేసుకుని వచ్చేవాడు, నవ్వితే పళ్ళు మెరిసేవి. విలన్ యాభై దాటిన మనిషి. బట్టతల, బాన పొట్ట, నల్లటి అంగీ. వాడు తెర వెనక నుంచి కాలు బయటపెట్టగానే హాలంతా లేచి ఎవరి భాషలో వాళ్ళు తిట్టేవాళ్ళు. లోకంలో ఇన్ని రకాల తిట్లున్నాయని నాకు అక్కడే తెలిసింది. మన భాష పరువు కోసం నేనూ శక్తివంచన లేకుండా కష్టపడేవాణ్ణి. ఆట మొదలవకముందు ఆ విలనే రింగంతా మడమతో నొక్కి చూసుకుంటూ తిరిగి, కిందికి దిగి మాకు ఒక్కొక్కళ్ళకీ చెయ్యిచ్చి, టీ తాగారా అని అడిగేవాడు. పచ్చ లాగువాడు ఎన్నడూ అడగలేదు.

మా ఆవిణ్ణి చాలాసార్లు రమ్మన్నాను. "మనుషులు కొట్టుకోవడం చూడ్డానికి నేనెందుకండీ? కొట్టుకున్నాక వచ్చేది నా దగ్గరికే కదా" అనేది. మాది గోదావరి జిల్లా. అక్కడి ఆడవాళ్ళతో వాదనకు దిగితే గెలవడం ఉండదు.

తర్వాత కరోనా వచ్చింది. హాళ్ళు మూశారు, పెళ్ళిళ్ళు ఆగాయి, మా గోదాములో కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నిద్రపోయాయి. నాకు పని లేదు, ఆవిడకి ఇల్లు లేదు. ఐసీయూలో డ్యూటీ వేశారు. సత్వాలో మా ఒంటిగది ఇంటికి ఆవిడ వచ్చేసరికి ముక్కు మీద మాస్కు కోసిన గీత ఉండేది. మొదట్లో కబుర్లు చెప్పేది. కరీంనగర్ వైపు మేస్త్రీ ఒకాయన ఉన్నాడట, కూలీల క్యాంపు నుంచి తెచ్చారు. తెలుగు వినపడగానే ప్రాణం లేచొచ్చినట్టు "చెల్లె, నువ్వు ఈడనే ఉండరాదె" అన్నాడట. డ్యూటీ దిగేటప్పుడు ఈవిడ "రేపు నేనొచ్చేసరికి లెగిసి కూర్చోవాలి, తెలిసిందా అన్నయ్యా" అని చెప్పి వచ్చింది. మర్నాడు వెళ్ళేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. ఆ తర్వాత కబుర్లు తగ్గాయి. తర్వాత పూర్తిగా ఆగాయి.

రద్దీ తగ్గాక ఆవిణ్ణి బయటి రోగులను చూసే గదికి మార్చారు. ఊపిరి పీల్చుకున్నాం అనుకున్నాను. కాని ఇంట్లో నేను మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తే, కళ్ళు తెరిచేసరికి ఆవిడ వేలు నా ముక్కు దగ్గర ఉండేది. ఏమీ అనేది కాదు, వేలు తీసేసి గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయేది. అప్పటినుంచి గురకపెట్టి పడుకోవడం అలవాటు చేసుకున్నాను. వంటగదిలోకి వినపడేంత గట్టిగా పెట్టేవాణ్ణి. గదికి అవతలున్న బెంగాలీవాడు గోడ మీద కొట్టేవాడు. కొట్టుకోనీ అనుకునేవాణ్ణి.

అంతలో వాళ్ళ మేట్రన్ కబురు చేసింది. ఐసీయూలో మనుషులు చాలడం లేదు, తిరిగి రావాలి, రాలేనంటే వారాంతంలోగా ఉద్యోగం మానుకుంటున్నట్టు చెప్పెయ్యమంది. మా ఆవిడ మానేస్తానంది. ఆవిడ ఉద్యోగం పోతే నా వీసా కూడా పోతుంది, ఇద్దరం పెట్టెలు సర్దుకోవాలి. "సర్దుకుందాం, ఊళ్ళో రొయ్యల చెరువుల దగ్గర కాపలాకైనా పనికొస్తాను. నా గురకకి దొంగలు రారు" అన్నాను. నవ్వలేదు. చీర మడత పెడుతూ పెడుతూ ఆగి, "నేను మానేసేది అలసిపోయి కాదండీ. నేను పిలిస్తే ఎవరూ లెగట్లేదండీ. నా చేతికి ఆ గుణం పోయింది" అంది. నేను వెళ్ళి ఆ చీర రెండో కొస పట్టుకున్నాను.

ఆ వారమే కుస్తీ మళ్ళీ మొదలైంది. రింగు కట్టాక మా ముదీర్ రెండు పాసులు చేతిలో పెట్టాడు. ఆవిడ రానంది. "నువ్వు రాకపోతే నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంటుంది" అన్నాను. తీరా వెళ్ళి చూస్తే ఎలాగూ ఖాళీయే. కరోనా రూలు ప్రకారం ఒక కుర్చీ వదిలి ఒక కుర్చీ. మధ్య కుర్చీకి పసుపు టేపు చుట్టి ఉంది. ఒకే మంచం మీద పడుకునే మొగుడూ పెళ్ళాలమని కాపలా కుర్రాడికి ఎంత చెప్పినా వినలేదు. "మామా, రూల్ ఈజ్ రూల్" అన్నాడు. అలా మధ్యలో టేపు కుర్చీ పెట్టుకుని, మూతులకి మాస్కులు కట్టుకుని కూర్చున్నాం. మొదటి రెండు ఆటలూ ఆవిడ ఫోనులో తల పెట్టుకునే ఉంది.

చివరి ఆట పచ్చ లాగుకీ నల్ల అంగీకీ. విలన్ రెఫరీ చూడకుండా హీరో కళ్ళు నలిపాడు, తాడుకి మెడ నొక్కాడు. హాలు దద్దరిల్లింది. అప్పుడు హీరో తిరగబడ్డాడు. విలన్ని నడుం పట్టి ఎత్తి మేమున్న వైపుకే విసిరాడు. నేను పేర్చిన ప్లైవుడ్ పలకలు ధబ్బున మోగాయి. మనిషి వెల్లకిలా పడి చేతులు చాపేశాడు, కదలడం లేదు. హీరో వాడి మీద పడ్డాడు. రెఫరీ అరచేత్తో నేల కొట్టి మూడు లెక్కపెట్టేలోపు కిందివాడు భుజం లేపాలి, లేదంటే ఆట ముగిసినట్టే. జనమంతా రెఫరీతో పాటు ఒకటి అని అరిచారు.

నా పక్క నుంచి ఒక గొంతు లేచింది. "లెగు! లెగు బాబూ! ఉఠో భాయ్, సాంస్ లో, ఊపిరి తీసుకో!" మా ఆవిడ. లేచి నిలబడింది. ఫోను కింద పడింది, చూసుకోలేదు.

మా ముందు వరసలోంచి పఠాన్ డ్రైవరొకడు, చెడ్డవాడు అక్కా, చావనీ అన్నట్టు వెనక్కి తిరిగాడు. "బాజీ, వో గందా ఆద్మీ హై! మర్నే దో ఉస్కో!"

"మర్నే దో క్యా! ఆప్ చుప్ బైఠో!" అని వాణ్ణి ఒక్క కసురు కసిరి మళ్ళీ రింగు వైపు తిరిగింది. పఠాన్ చప్పున కూర్చున్నాడు. ఆ గొంతు ఎలాంటిదో నాకు తెలుసు. అంతవరకూ నాకొక్కడికే వినిపించేది, ఇప్పుడు వాడి వంతు.

రెండు అన్నాక విలన్ భుజం లేచింది. హాలంతా ఉసూరుమంది. మా ఆవిడ మాత్రం ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "ప్రభువా" అంది.

వాణ్ణి మళ్ళీ పడేశారు. ఆవిడ మళ్ళీ అరిచింది. వాడు మళ్ళీ లేచాడు. వాడి కోసం ఆ హాల్లో అంతవరకూ ఒక్కడూ అరిచి ఉండడు. మూడోసారి లేచినప్పుడు తాడు పట్టుకుని తూలుతూ మా వైపు చూసి, విలన్లు ఎన్నడూ చెయ్యని పని చేశాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. నా చేతులతో కట్టిన రింగు, ఎవడు ఓడాలో ముందే ఖాయమైన ఆట. ఈవిడ ఇంతగా పిలిచాక వాడు లేవకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. టేపు కుర్చీ అవతల నుంచి చెయ్యి చాపాను. ఆవిడ పట్టించుకోలేదు.

అనుకున్నంతా అయింది. హీరో తాళ్ళ మీద నుంచి దూకాడు. ఒకటి, రెండు, మూడు. గంట కొట్టారు. పచ్చ జెండాలు లేచాయి, పిల్లలు ఎగిరారు. విలన్ అక్కడే పడి ఉన్నాడు. మా ఆవిడ అరవడం ఆపేసింది. కూర్చోలేదు కూడా. హీరో దండాలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు, జనం బయటికి కదిలారు, పఠాన్ పోతూ పోతూ "సలాం బాజీ" అన్నాడు. ఆవిడ అలాగే నిలబడి విలన్ పొట్ట వంకే చూస్తోంది. అది పైకీ కిందికీ ఆడుతోంది.

ఇక లెక్కపెట్టేవాడు ఎవడూ లేడు. చాలాసేపటికి వాడు పక్కకి దొర్లాడు. మోకాలి మీద లేచాడు. తాడు పట్టుకుని నిలబడి, లాగు సర్దుకుని, నల్ల అంగీ భుజాన వేసుకుని, సంత నుంచి ఇంటికి వెళ్ళేవాడిలాగా మెల్లగా నడుచుకుంటూ తెర వెనక్కి వెళ్ళిపోయాడు.

"మూడు అన్నాక కూడా లెగిసాడండీ" అంది మా ఆవిడ. మాస్కు తడిసిపోయింది. ఏడ్చిందో నవ్విందో, మాస్కు వెనక ఏది ఉందో నేను చూడలేదు. ఇంటికొచ్చి మేట్రన్‌కి ఫోను చేసి, ఐసీయూకి వస్తానంది.

ఆ తర్వాత మేం చాలా ఆటలకి వెళ్ళాం. ప్రతిసారీ ఆవిడ ఎవడు కింద పడితే వాడి పక్షమే. ఒక ఆటలోనే ఇద్దరి వైపూ మారేది. చుట్టుపక్కలవాళ్ళకి పిచ్చెక్కేది. తర్వాత ఆ కంపెనీ మూతబడింది, విలన్ ఏ దేశం వెళ్ళాడో తెలియదు. ఆవిడ మాత్రం ఇప్పటికీ ఐసీయూలోనే ఉంది. అక్కడ లేచినవాళ్ళూ ఉన్నారు, లేవనివాళ్ళూ ఉన్నారు. అన్నీ చెప్పదు. కొన్ని చెబుతుంది. నా గురక కూడా తగ్గింది, బెంగాలీవాడు వచ్చి మరీ థాంక్స్ చెప్పాడు.

ఆవిడ ఐసీయూకి తిరిగి వెళ్ళిన మొదటిరోజు ఆసుపత్రి గేటు దాకా నేనే దింపాను. భయమేసినప్పుడు నోరు మూసుకోవడం నాకు చేతకాదు. అందుకే గేటు దగ్గర వ్యాను ఆపి అన్నాను, "సిస్టరుగారూ, ఒక్క మాట. ఆ కుస్తీ అంతా ఉత్త నాటకం. ఎవడు పడాలో, ఎప్పుడు లేవాలో ముందే మాట్లాడుకుంటారు. దాన్ని చూసి మనసు మార్చుకున్న నర్సు ఈ దేశం మొత్తం మీద నువ్వొక్కదానివే."

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని దిగి, తలుపు పట్టుకుని నా వంక చూసింది.

"నాటకమని నాకు తెలీదా ఏంటండీ? పడిపోయినోడు లెగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఉండి చూశాం. నిజంగా పడ్డోళ్ళ దగ్గర అంతసేపు ఎవరో ఒకళ్ళు ఉండొద్దా, చెప్పండి చూద్దాం."